పెదనాన్న నిలబడతానంటున్నారు

జాంజిబార్ పట్నం,
జూన్ 19.

పూజ్యులైన నాన్నకు, మీ చేతులు ముద్దుపెట్టుకుని రిజికీ సలాములు.

ఇప్పుడే ఈ ఉత్తరం రాయడానికి కారణం ఒకటే. మన మకుండుచిలో కొత్త ఏడు పండుగ జూలై మూడో వారంలోనని పెద్దలు తేల్చారు. ఆ రోజుకు మీరు ఊళ్లో ఉండాలి. దుకాణంలో నలుగురి మధ్య నిలబడి ఫోనులో అరిచి చెప్పగలిగిన సంగతి కాదిది. షావుము మాస్టారూ, మీరూ మన ఊరివారే. దయచేసి దీన్ని ఆయన పడవలు చేసే షెడ్డులో కాకుండా ఇంట్లో కూర్చుని నాన్నకు చదివి వినిపించండి.

ఇంట్లో అందరం తిరుగుతున్నాం, తింటున్నాం. అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగారు. వానలు తగ్గాక కాస్త నయం. కొబ్బరాకు కప్పు కొత్తది వేయించాం, వెనకవైపు మాత్రం ఇంకా కారుతోంది. నేను వేళకు తింటున్నానా అని కూడా అడిగారు. మధ్యాహ్నాలు ఉడికించిన కర్రపెండలంతో సరిపెడుతున్నాను. ఆఫీసులో తల ఎత్తే తీరిక లేదు.

నార్వే నుంచి యాత్రికుల బృందం ఒకటి వస్తోంది. వాళ్ల ప్రయాణమంతా పండుగల చుట్టూ అల్లాలట. మన పండుగతో మొదలుపెట్టి, పెంబా దీవిలో ఎద్దుల ఆట, ఆ తర్వాత అవతలి ఒడ్డున బగమోయోలో ఆటపాటలు. ఒక తేదీ కుదిరితే పడవ కుదరదు, పడవ కుదిరితే గదులుండవు. మా యజమాని సలూమ్ గారేమో, "పండుగలో ఆ మగవాళ్ల దెబ్బలాట మిట్టమధ్యాహ్నం కాకుండా సాయంత్రం పెట్టించలేవా రిజికీ, ఫోటోలు బాగా వస్తాయట" అంటారు. ఆ మాట మోసుకెళ్లి ఊరి పెద్దకు చెబితే, "మీ యజమానిని ముందు సూర్యుడితో మాట్లాడుకోమను" అన్నారాయన. ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి నా కాళ్లు పోతున్నాయి.

పండుగ రోజు ఇంట్లో బయటి మనిషి ఒక్కరైనా భోంచేయకపోతే ఏడాది బాగుండదు కదా. నార్వే వాళ్లలో ఇద్దరిని మనింటికి తెస్తానన్నాను. అమ్మ కొబ్బరి కోరుతూ, "వాళ్లెందుకే, మీ నాన్నను పిలువు. ఇన్నేళ్లయ్యాక ఆయనా చుట్టం కిందే లెక్క" అంది. నవ్వుతూనే అంది.

ఆ నార్వే వాళ్లు రాసి అడిగారు, మగవాళ్లు నిజంగా కొట్టుకుంటారా, ఉత్తుత్తిదా అని. నిజమేనని జవాబు రాశాను. ఏడాదంతా మనసులో దాచుకున్న కోపాన్ని అరటి మట్టలతో కొట్టి, కొట్టించుకుని, అక్కడే వదిలేసి వస్తారనీ, ఆ సాయంత్రం కలిసి తింటారనీ రాశాను. మన ఇంటి కోపం అలాగే ఉండిపోయింది కదా నాన్నా.

నా చదువు ఏడో తరగతితో చాలని మీరన్నారు. పెదనాన్న మీకు చెప్పకుండా నన్ను బస్సెక్కించి పట్నం బడిలో చేర్చారు. అదైనా మీరు ఓర్చుకునేవారేమో. "మా తమ్ముడు మకామేకు అక్షరం రాదు, అందుకే అక్షరమంటే భయం" అని ఆయన అరుగు మీద అందరి ముందూ అన్నారు. ఆ వారమే మీరు సముద్రం దాటి టాంగా వెళ్లిపోయారు. ఆయన చలవతోనే చదువుకున్నాను. ఆ మాటకు మాత్రం ఇప్పటికీ సిగ్గుపడతాను. నీది ఏ పక్షమే అని ఎవరైనా అడిగితే చెప్పలేను.

ఆయన ఉత్తరం వాడలో కాపురం పెట్టాక, వాడలవారీగా కొట్టుకునే పండుగ మైదానంలో మీరిద్దరూ ఎదురెదురు వైపులే. మీరు వెళ్లాక ఆయన ఏ ఏడూ మట్ట పట్టుకోలేదు. ఇక పట్టుకోలేరు కూడా. రంజాను వెళ్లాక ఆయనకు కుడి పక్క పడిపోయింది. మీకు రాయవద్దని అమ్మ చేత ఒట్టు వేయించుకున్నారు. కిందటి నెల నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నారు: "నేను కొట్టాల్సిందేమీ లేదే పిల్లా. మకామేను రమ్మను. వాడు కొట్టనీ. నేను నిలబడతాను."

ఇక నేను చేసిన పని చెబుతాను. నేను ఊరికి వెళ్లిన ప్రతి శుక్రవారం, "మీ నాన్న ఏమన్నాడు?" అని ఆయన అడుగుతున్నారు. మీరు కోప్పడతారని భయపడి నేనసలు రాయనే లేదు. ఆ సంగతి చెప్పడానికి నోరు రాలేదు. వస్తానని మీరు కబురు పంపారని చెప్పేశాను.

అప్పటినుంచి రోజూ సాయంత్రం చేతికర్ర గోడకు ఆనించి, పెరట్లో ఒంటరిగా నిలబడుతున్నారు. కాళ్లు వణికి కూలబడేదాకా నిలబడుతున్నారు. పెద్దమ్మ పట్టుకోబోతే, "వదలవే, మైదానంలో నువ్వు పట్టుకుంటావా?" అని కసురుతున్నారు. మొన్న నేనున్నప్పుడు కిందపడి కూడా నవ్వారు. నేను మాత్రం అక్కడ ఉండలేక వచ్చేశాను.

ఎవరిని ఎక్కడ దింపాలో, ఏ రోజు ఏ పడవో అందరి ప్రయాణాలూ రాసి రాసి అలసిపోయాను. మీది మాత్రం నేను రాయలేను. రావడానికి మీకు మనసొప్పకపోతే ఆ మాటే మాస్టారి చేత రాయించండి. పెదనాన్న ముందు కూర్చుని నేనే చెబుతాను, అమ్మ మీదకు నెట్టను. మీరు వస్తానంటే ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పాల్సింది లేదు. ఏదైనా జూలై ఐదో తేదీలోగా నాకు అందేలా జవాబు పంపండి.

ఇట్లు,
మీ పెద్ద కూతురు,
రిజికీ.