బైండింగుకి వెళ్ళిన సంపుటం

అమీర్‌పేట,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి సూర్యానికి అన్నయ్య రాస్తున్నది.

ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. మోకాలు మెట్లెక్కేటప్పుడు మాత్రం మాట వినడం లేదు. నీ బీపీ ఎలా ఉంది? కంటి ఆపరేషన్ తరువాత పిన్ని పేపరు చదువుకోగలుగుతోందా? మరదలు శారద నడుము నొప్పి తగ్గిందా? ఫోన్లో అడిగితే ముగ్గురూ "బాగానే ఉన్నాం" అని ఒకే మాట అంటారు. అందుకే కాగితం మీద అడుగుతున్నాను. ఈ ఉత్తరం ముందు నువ్వొక్కడివే చదువు. తరువాత శారదకి చెప్పాలో లేదో నీ ఇష్టం. బస్సులో గోంగూర పచ్చడి పంపిస్తానంది. నువ్వు ఇది పూర్తిగా చదివేదాకా ఆగమను.

వచ్చి ఐదు నెలలైంది. బల్కంపేట వైపు సందులో మూడో అంతస్తు గది. గది కింద కోచింగ్ సెంటరు, పక్కన కోచింగ్ సెంటరు, ఎదురుగా ఇంకొకటి. మొన్న మెట్రో మెట్ల దగ్గర కాగితాలు పంచే ఆవిడ నా చేతిలోనూ ఒకటి పెట్టి, "డెమో క్లాసు ఫ్రీ అంకుల్, మీ మనవలకు చెప్పుండ్రి" అంది. "నేను చేరకూడదా?" అన్నాను. "మీరా? జర బస్సు చూసుకొని రోడ్డు దాటుండ్రి, చాలు" అంది. మెస్సులో పప్పు నీళ్ళలా ఉంటుంది. అయినా మూడు పూటలా తింటున్నాను, బెంగ పెట్టుకోవద్దు. వాన పడితే పంజాగుట్ట దగ్గర రోడ్డు కనపడదు. ప్యాంటు మడుచుకుని నడుస్తున్నాను. పడలేదు, పడను. సాయంత్రం టీ వేళకి నువ్వు కింది నుంచి "అన్నయ్యా" అని కేకేసేవాడివి. ఆ వేళకి ఇక్కడ ఎవరూ కేకెయ్యరు. ఐదు నెలలైనా చెవి అటే ఉంటోంది.

పని సంగతి అడిగావు. నర్సింహులు గారని రిటైరైన పశువైద్యుడు పంజాగుట్టలో రెండు గదుల ఆఫీసు పెట్టారు. పశువైద్య కళాశాలల్లో పాఠాలు చెప్పేవాళ్ళకి, పరిశోధన చేసేవాళ్ళకి కావలసిన వ్యాసాలు వెతికిపెట్టడం, పాఠానికి చదవవలసినవాటి పట్టిక చేసివ్వడం, వాళ్ళు రాసినదాని కింద చూపిన ఆధారాలు సరైనవో కావో సరిచూడడం మా పని. చాలా కాలేజీల్లో ఇప్పుడు లైబ్రేరియన్ కుర్చీ ఖాళీ. కంప్యూటర్లు మాత్రం ఉన్నాయి. వాటి మీద గుడ్డ కప్పి ఉంటుంది. నాతో పాటు షాహీన్ అనే అమ్మాయి పనిచేస్తుంది. యూసుఫ్‌గూడ నుంచి వస్తుంది. లైబ్రరీ సైన్సు చదివింది. కొత్తవన్నీ తను చూస్తుంది, కంప్యూటర్లకి ముందున్నవి నేను చూస్తాను.

ఇక్కడ ఒక నియమం ఉంది. ఎవరేం అడిగినా రెండు రోజుల్లో జవాబివ్వాలి. దొరకకపోతే ఊరికే లేదనకూడదు. ఎక్కడెక్కడ వెతికామో పుస్తకంలో రాసి కింద సంతకం చెయ్యాలి. మొదటి రోజు ఆ పుస్తకం చూసి నవ్వాను. మన కాలేజీ లైబ్రరీలో నేను ముప్ఫై ఏళ్ళు ఎవరికీ అలాంటి లెక్క చెప్పలేదు. నాకెవరు చెప్పారు గనక? శస్త్రచికిత్స విభాగం పెద్దాయన పదిహేడు పుస్తకాలు ఏళ్ళ తరబడి ఇంట్లో పెట్టుకున్నాడు. అడగడానికి వెళితే వాటిలో లావుపాటి దాని మీద ఆవకాయ జాడీ ఉంది. ఇంకో మహానుభావుడు బొమ్మలున్న పేజీలు బ్లేడుతో కోసుకెళ్ళి, వాటినే స్లైడుల మీద చూపిస్తూ పాఠం చెప్పేవాడు. ఇంకొకాయన సిద్ధాంతగ్రంథానికి ఆధారాలన్నీ, కామాలతో సహా, నేనే సరిచేశాను. కృతజ్ఞతల పేజీలో భగవంతుడున్నాడు, ప్రిన్సిపాలున్నాడు, టైపిస్టున్నాడు, ఆయన స్కూటరు బాగుచేసిన మెకానిక్కు కూడా ఉన్నాడు. నేను లేను. ఆయన చదవనివి నేను ఎన్ని చదివానో ఆయనకి తెలియదు. వీళ్ళందరి మీదా ఒక పుస్తకం రాస్తానని నీ ముందు ఎన్నిసార్లు అన్నాను! నువ్వు నవ్వి, "పోనిద్దూ అన్నయ్యా" అనేవాడివి.

ఆ పుస్తకం రాయనులే. రాస్తే మొదటి పేరు నాదే అవుతుంది.

మూడు వారాల కిందట ఒక మేడం నుంచి ఉత్తరం వచ్చింది. జిల్లా కాలేజీలో మెడిసిన్ చెబుతారట. గేదెలు వట్టిపోయే వేళ చన్నుల్లోకి మందెక్కిస్తే ఈనిన తరువాత పొదుగువాపు తగ్గుతుందా అన్నదాని మీద ఇప్పటిదాకా ఎవరెవరు ఏం చేశారో అంతా పోగుచేస్తున్నారు. అచ్చైనవే కాదు, అచ్చుకానివీ కావాలన్నారు. అచ్చైనవి మాత్రమే చూస్తే మందు ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుందట. అది నీ విషయం, సూర్యం.

షాహీన్ పది నిమిషాల్లో ఒక పాత వ్యాసం తెర మీదికి తెచ్చింది. "చూడుండ్రి సార్, ఎవరో పుణ్యాత్ములు స్కాన్ చేసి పెట్టిన్రు" అంది. పేరు చూశాను. పత్రిక, సంపుటం, పేజీ, అన్నీ అవే. నీ పీహెచ్‌డీ వైవా రోజు ఎగ్జామినరు బల్ల మీద పెట్టిన వ్యాసం.

నర్సింహులు గారు వెనక నుంచి వంగి చూసి, "మంచిగ దొరికింది. సార్, మీ దిక్కు బర్ల మీద ఎవరన్న చేసిన్రా గిది? నోటుబుక్కుల్ల రాసి పెట్టుకున్నా ఫికర్ లేదు, మేడం తీసుకుంటది" అన్నారు.

నీ నోటుపుస్తకాలు మన అటక మీద, నీలం ట్రంకులో ఉన్నాయని నాకు తెలుసు. రెండు చలికాలాలు తెల్లవారుజామున సైకిలు మీద ఊళ్ళు తిరిగి, గేదె గేదె దగ్గరా పాలు సీసాలోకి తీసి పరీక్ష చేసి రాసుకున్నవి. అయినా నేను, "వెతికి చెబుతాను" అన్నాను. ఈ వయసులో, ఆ మంచి మనిషి ముఖం చూస్తూ, మళ్ళీ అదే పని చేశాను.

రెండు రోజుల గడువు దాటిపోయింది. పుస్తకంలో ఆ వరస నింపలేదు. షాహీన్ ఊరుకుంటుందా?

"సార్, గీ లైను ఖాళీగ ఎందుకుంది? ఎక్కడ వెతికిన్రో రాయుండ్రి."

"ఎక్కడా వెతకలేదమ్మా. ఎక్కడుందో తెలుసు."

"తెలిస్తే ఇయ్యాలె కదా!"

ఆ అమ్మాయికి చెప్పేశాను. నీకు చెప్పవలసింది ముందు ఆమెకి చెప్పాను. దానికి కూడా సిగ్గుపడుతున్నాను. ఇప్పుడు నీకు చెబుతున్నాను, విను.

ఆ వ్యాసం ఉన్న సంపుటం నువ్వు అడిగినప్పుడు బైండింగుకి వెళ్ళిందన్నాను. వెళ్ళలేదు. నా బీరువాలో, కింది అరలో ఉంది. తాళం నా జేబులో ఉంది. అంతకు రెండు రోజుల ముందు బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్లకి లైబ్రరీ చూపిస్తూ నువ్వు, "మా అన్నయ్యండీ, ఏ పుస్తకం కావాలన్నా అందిస్తాడు" అన్నావు. ప్రేమగానే అన్నావు. నాకు మాత్రం హోటల్లో టీ అందించేవాణ్ణి చూపించినట్టనిపించింది. నీకు చిన్నప్పుడు చదవడం నేర్పింది నేను. నువ్వు లెక్చరరువి, నేను అందించేవాణ్ణి. ఒక వారం తిప్పుదామనుకున్నాను, అంతే. వారం తరువాత నువ్వు మళ్ళీ అడిగావు. అప్పుడిస్తే బైండింగు లేకుండా ఎలా వచ్చిందంటావు. నెల తరువాత ఇవ్వడం ఇంకా కష్టమైంది. అలా పదకొండు నెలలు అడిగి, నువ్వు అడగడం మానేశావు. ఈలోగా నువ్వు అదే మందుతో, అదే పద్ధతిలో పని మొదలుపెట్టేశావు. ఆపమని ఒక్క మాట అనలేకపోయాను.

వైవా రోజు నేను వెనక వరసలో కూర్చున్నాను. ఎగ్జామినరు వ్యాసం బల్ల మీద పెట్టి, "ఇదే పని ముందే అయిపోయింది. ఈ పత్రిక మీ లైబ్రరీకి వస్తుంది కదా, చూడలేదా?" అన్నాడు. నువ్వు ఒక్కసారి నా వైపు చూశావు. తరువాత ఆయనతో, "నా అశ్రద్ధేనండీ" అన్నావు. లైబ్రరీలో ఇవ్వలేదని చెబితే నాకు మాటొస్తుందని చెప్పలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి పైపెచ్చు నన్నే ఓదార్చావు. "ఫరవాలేదన్నయ్యా, బైండింగువాడు ఆలస్యం చేస్తే నువ్వేం చేస్తావు?" అన్నావు. మర్నాడు పొద్దున్న ఆ సంపుటాన్ని తీసుకెళ్ళి అరలో పెట్టాను. దానికి కొత్త అట్ట లేదని ఎవరూ గమనించలేదు.

నువ్వు మళ్ళీ పరిశోధన జోలికి పోలేదు. డాక్టరేటు లేదని నీ వెనక వచ్చినవాళ్ళు నీ మీద అధికారులయ్యారు. నేను పోయినవాళ్ళనీ ఉన్నవాళ్ళనీ తిట్టుకుంటూ, నీ ఇంటి మేడ మీద, నీ భార్య వండింది తింటూ ఇన్నేళ్ళు గడిపాను. ఈ ఊరు ఎందుకొచ్చానని అడిగితే ఊసుపోక అన్నాను. మీ వదిన పోయాక మీరు చూపించే ఆదరణ మింగుడుపడలేదు. అసలు సంగతి అదీ.

షాహీన్ అంతా విని ఆ పుస్తకం మూసి పక్కన పెట్టింది. తరువాత, "మా కాలేజీల సుత మస్తు సార్లు బైండింగ్ అన్నరు సార్, నేను నమ్మిన" అంది. "లైబ్రరీల కూసున్నోళ్ళు లేదంటే లేదనే అనుకుంటరు కదా. ఇంగ యాడ అడుగుతరు?" అంది.

"మా తమ్ముడు అడగలేదమ్మా."

"ఇప్పుడు మీరడుగుండ్రి. నోటుబుక్కులు ఆయనవి. ఇస్తడో లేదో ఆయనిష్టం. మీరు లేదనకుండ్రి, ఉందనకుండ్రి, ముందు ఆయనకు చెప్పుండ్రి."

నా మనవరాలి వయసు. నేను చదివిన పుస్తకాల్లో పదో వంతు చదివి ఉండదు. ఇన్నాళ్ళూ నాకు తోచని మాట, టీ చల్లారేలోగా చెప్పేసింది.

కాబట్టి అడుగుతున్నాను. ఆ నోటుపుస్తకాలు మేడం గారికి పనికొస్తాయి. మన డెల్టా గేదెల మీద, మన రైతుల కొట్టాల్లో అంత జాగ్రత్తగా రాసి పెట్టినవి ఆమెకి ఇంకెక్కడా దొరకలేదు. ముందే ఒకసారి జరిగిన పని మళ్ళీ చేస్తే ఆ రోజుల్లో దండగన్నారు. ఇప్పుడు అదే కావాలంటున్నారు. నీ పేరుతోనే చేరుస్తారట. ఈ నెలాఖరుకి ఆమె పట్టిక ముగిస్తారు. చిరునామా వేరే కాగితం మీద రాసి ఇందులోనే పెట్టాను. నువ్వు నేరుగా ఆమెకే రాయి. నన్ను మధ్యలో పెట్టకు, ఏ కాగితమూ నా చేతి మీదుగా వెళ్ళనివ్వకు. ఇవ్వనంటే అదీ న్యాయమే. రెండోసారి అడగను, నర్సింహులు గారికి మాత్రం ఉన్నదున్నట్టు నేనే చెబుతాను.

ఇదంతా వచ్చి నీ ఎదురుగా చెప్పాలనుకున్నాను. బస్సు టిక్కెట్టు కూడా అడిగి వచ్చాను. కానీ నేను సగం చెప్పేలోగానే నువ్వు క్షమించేస్తావు. నీ ముఖం నాకు తెలుసు. అది చూస్తే మిగిలిన సగం నోట రాదు. అందుకే ఉత్తరం.

పిన్నికి నా నమస్కారాలు చెప్పు, మందులు వేళకి వేసుకోమను. శారదకి ఏం చెప్పాలో నాకు తెలియదు. పెద్దవాణ్ణి, చివర ఆశీర్వదించి సంతకం పెట్టాలి. ఇవాళ ఆ మాట రాయడానికి నాకు అర్హత లేదు. నువ్వు చిన్నవాడివైనా ఆ ఆశీర్వాదం నీ దగ్గరే అడుగుతున్నాను.

జవాబు రాస్తే తిట్టు. ఎంతైనా తిట్టు, చదువుకుంటాను. ఫరవాలేదన్నయ్యా అని మాత్రం రాయకు. ఆ మాట ఒకసారి అబద్ధం మీద పుచ్చుకుని ఇన్నేళ్ళు బతికాను. నిజం తెలిశాక కూడా నువ్వు అదే అంటే, నేను ఆ ఇంటి మెట్లెక్కలేను.

నీ అన్న,
రామచంద్రం