చెయ్యెత్తినందుకు

ఇండియానా, ఆదివారం సాయంత్రం

మార్లిస్ అక్కా, నాకు దెబ్బలేమీ తగల్లేదు, కంగారుపడకు. ఫోన్లో అంతా చెప్పలేక కార్డు రాస్తున్నాను.

రేసు గ్లవ్స్ బిగుతుగా ఉండాలి, కుట్లు బయటికి ఉండాలి అని నువ్వు నెత్తీనోరూ బాదుకున్నావు. నేను హాయిగా ఉన్నాయని వదులువి కొన్నాను. పదో చుట్టులో తోలు అరచేతిలో ముడతపడి బొబ్బ చితికింది. మంటకి తాళలేక వేగం తగ్గించి, చెయ్యి పైకెత్తి విదిలించాను. నా గో-కార్ట్ బండి ఆగిపోతోందనుకుని వెనకవాళ్లంతా దాటుకుపోయారు. రెండో స్థానంలో ఉన్నదాన్ని పద్నాలుగులో తేలాను.

మా మెకానిక్ గార్త్, "చెయ్యెత్తితే బండి చెడిందనే కదా తల్లీ అర్థం! వాళ్లకి టాటా చెప్పావా?" అన్నాడు. వచ్చే ఏడు జట్టులో నాకు చోటు లేదని కూడా అతనే చెప్పాడు.

నువ్వు రేసుల్లో వాడిన పాత గ్లవ్స్ పారెయ్యలేదు కదా? చిల్లులు పడినా సరే, పంపు. మళ్లీ నడుపుతానన్న ఆశ లేదు, ఊరికే దగ్గర ఉంచుకుంటాను. కుక్క కాలు నయమైందా? పిల్లలకు ముద్దులు.

అమ్మ నీ ఫోన్లో రేసు చూసి, నేను తనకే చెయ్యూపానని మురిసిపోయిందన్నావు. అవును, తనకే అని చెప్పు.

నీ చెల్లి
కోలెట్