కొమ్ముల్లేని రౌటర్

షాకీర్ అన్నకు, ఆళ్ళగడ్డ నుంచి నీ చెల్లెలి సలాం.

ఫోన్ చేస్తే “సర్లేమ్మా” అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

మా పాప ముబశ్శిరా ఆన్‌లైన్ బడికి వైఫై చాలడం లేదని నంద్యాలలో నీ అంగడికి వచ్చి, ఆరు యాంటెన్నా కొమ్ముల రౌటరే కావాలని మొండికేశాను. “కంప్యూటర్ యాడ పెట్టినారు? కదిలిస్తాంటారా?” అని అడిగావు. లోపలి గదిలో, కదలదు అన్నాను. “మీవి బండ గోడలమ్మా, వైఫై ఆడికి రాదు. వైరుతో పనికి ఈ చిన్నది చాలు. నాలుగు వైర్లు తగిలించుకోవచ్చు, కొమ్ములెందుకు?” అంటూ దాంతోపాటు కేబుల్ చుట్ట చేతిలో పెట్టావు. చెల్లెలికి కూడా చవక సరుకు అంటగట్టాడని బస్సులో దారంతా నిన్ను తిట్టుకున్నాను. మన్నించు.

పాపకు చెవులు వినబడవని నీకు తెలుసు కదా. టీచర్ తెర మీద చేతులతోనే పాఠం చెబుతుంది. బొమ్మ ఆగినా మనకు మాట వినబడుతుంది. దానికి మాత్రం టీచర్ చెయ్యి ఆగితే మాటే ఆగిపోతుంది. ఆ సంగతి తెలియక, మనసు పెట్టడం లేదని రెండుసార్లు కొట్టాను. ఇది మా ఆయనకు చెప్పొద్దు.

వైరు పెట్టి నెలయింది. టీచర్ చెయ్యి ఒక్కసారీ ఆగలేదు. నేనూ పక్కన కూర్చుని ఆ చేతి భాష నేర్చుకుంటున్నాను.

చెవులు వినబడనివాళ్ళు దగ్గరివాళ్ళకు చేత్తో పేర్లు పెట్టుకుంటారు. పాప నీకూ పెట్టింది. రెండు వేళ్ళతో అరచేతికి వైరు తగిలించినట్లు చూపిస్తుంది. నేను కొట్టినప్పటి నుంచి నా పేరు, ఎత్తిన చెయ్యి. నిన్న నన్ను పిలుస్తూ ఆ చేతిని కిందికి దించి, తన చెంపకు ఆనించుకుంది.

ఇప్పుడు అదే నా పేరు అన్నా.

ముబశ్శిరా వాళ్ళమ్మ