సింగపూర్ కప్పలు కుంటల ఉన్నయి

ఓదెలూ,

సంచి సర్దుకున్న. పది గంటల రైలుకు డోర్నకల్‌ల ఉన్న మా అక్క దగ్గరికి పోతున్న. గిన్నెల అన్నం, పక్కన పచ్చిపులుసు ఉన్నయి. నువ్వు రంగేసిన కప్పలను కడిగినంత కడిగి కుంటల ఇడిసిన. ఎతుకకు.

ఊరంతా వాన కోసం కప్పతల్లికి నీళ్లు పోసి మొక్కుతుంటే, నా కొడుకు దాన్ని బట్టల రంగుల ముంచి సింగపూర్ కప్ప అని అమ్మవట్టిండు. ఎంత తెలివి! కప్ప తోలుతోని గూడ ఊపిరి పీల్చుకుంటదని నేను శనగల పొట్లం కాగితంల చదివిన. పదో తరగతి చదివిన నీకు తెల్వదాయె.

పక్కింటి లీల బిడ్డకు అమ్మిన గులాబి కప్ప చచ్చింది. ఆ పిల్ల రోజూ వచ్చి, "అమ్మమ్మా, మల్ల ఎప్పుడొస్తది?" అంటుంది. సింగపూర్ పోయింది, వస్తది అని చెప్పిన.

అవ్వ

మీ అన్న దయాకర్ వస్తడని నీకు గూడ చిన్నప్పుడు గట్లనే చెప్పిన. అరవైతొమ్మిది జూన్‌ల, తెలంగాణ కావాలని తీసిన జులూసుకు పోయిండు. మల్ల రాలేదు.