లేచి నిలబడినందుకు

గురువారం రాత్రి, ఆకెన్, జర్మనీ

రూమ్మేట్ రెహానాతో మా ఏరియా కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్లాను. సైకిల్ హెల్మెట్ పట్టుకుని కౌన్సిలర్ లోపలికి రాగానే, అలవాటు కొద్దీ ఇద్దరం లేచి నిలబడ్డాం. ఇంకెవరూ లేవలేదు! మేమేదో అడగాలనుకున్నామని ఆమె అనుకుంది.

"ఇవాళ్టి అజెండాలోని స్కూల్ రిపేర్ల సంగతి తర్వాత చెబుతాను. ముందు మీరు చెప్పండి," అంది మాతో.

"నువ్వే చెప్పవే," అని రెహానా మోచేత్తో పొడిచింది.

మా హాస్టల్ వైపు రాత్రి బస్సుల్లేవని, ల్యాబ్ నుంచి చీకట్లో నడిచి వస్తున్నామని నా వచ్చీరాని జర్మన్‌లో చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "బస్సు వేయిస్తానని మాటివ్వలేను. వచ్చే మీటింగ్‌లో ప్రతిపాదన పెడతాను. మీరూ వచ్చి మాట్లాడతారా?" అంది.

మాటివ్వలేనని చెప్పే లీడర్‌ని మొదటిసారి చూశాను. పైగా ఓటు లేని నన్ను రమ్మంది! మళ్లీ అంతమందిలో నా జర్మన్ ఏమవుతుందో...

ఇవాళ మాత్రం ఆ జర్మన్‌తోనే మాట్లాడినా నన్నెవరూ కూర్చోమనలేదు.