టోపీలో ఏడు చీటీలు

డిసెంబరు పదహారు

చిన్నోడికి,

ముందు నా గోడు విను. మీ అమ్మ నా ఉన్ని టోపీని వేడినీళ్ళలో ఉతికేసింది. ఇన్నేళ్ళూ చెవుల మీదికి దిగిన టోపీ ఇప్పుడు నా నడినెత్తిన సీసా మూతలా కూర్చుంటోంది. ఇదేంటే అంటే, "టోపీ చిన్నదవలేదు, మీ తలే పెరిగింది. ఎవరి మాటా వినని తల అలాగే ఉబ్బుతుంది" అంటోంది. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారైనా తప్పు ఒప్పుకున్న మనిషి కాదు. ఈ ఉత్తరం ముందు చదివి తర్వాత నీ చేతికిచ్చే సారుకి కూడా నా నమస్కారాలు. ఆయనకీ పెళ్ళయ్యే ఉంటుంది, నా బాధ ఆయనకి తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. నీకు నా దీవెనలు, మీ అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి కాబట్టి రాస్తున్నా. కాళ్ళూ చేతులూ ఆడుతున్నాయి, తిన్నది అరుగుతోంది. ఆ లెక్కన క్షేమమే. నువ్వూ ఆ మాత్రం క్షేమంగా ఉన్నావనే అనుకుంటున్నా.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివా. ఐదో క్లాసుతో ఆగిన చదువు, గోడలకి రంగులేసి మొద్దుబారిన చెయ్యి. నువ్వడిగినవన్నీ ఒక్కరోజులో రాయలేక మూడు రోజులుగా రాస్తున్నా. అక్షరాలు గోడ మీద రాసినంత పెద్దగా వస్తున్నాయని నీ పెళ్ళాం నవ్వింది. నవ్వనీ. ఈ ఇంట్లో ఎవరైనా నవ్వి చాలా కాలమైంది.

మీ అమ్మ మోకాలు అలాగే ఉంది. మెట్లెక్కొద్దన్నాడు డాక్టరు. ఆ డాక్టరు గది రెండో అంతస్తులో ఉంది. ఎక్కి వెళ్ళి, ఎక్కొద్దని చెప్పించుకుని, దిగొచ్చాం.

చిట్టెలుక నిన్ను అడుగుతోందా అన్నావు. నీ కూతురికి ముందు పన్ను ఊడింది, ఈల వేసినట్టు మాట్లాడుతోంది. అడుగుతుంది. కానీ రోజూ కాదు. నీకు అబద్ధం చెప్పను. మొదట్లో రోజూ అడిగేది, ఇప్పుడు వారానికోసారి. బళ్ళో ఎవరో "మీ నాన్న జైల్లో ఉన్నాడంట కదా" అంటే, "ఆ, అక్కడ పని చేస్తాడు, కుర్చీలు చేస్తాడు" అందట. నిజమే కదా.

నీ పెళ్ళాం ఆసుపత్రి లాండ్రీలోనే చేస్తోంది. పొద్దస్తమానం దుప్పట్లు ఉతకడం, మడతపెట్టడం. మందునీళ్ళకి వేళ్ళు పగిలాయి. "కొబ్బరినూనె రాసుకోమ్మా" అంటే "రాత్రికి రాసుకుంటా మామయ్యా" అంటుంది. ఏ రాత్రో తెలీదు.

మీ అన్న నీ ఉత్తరాలు చదివాడా అని అడిగావు. లేదురా. మూడూ వాడి బీరువా మీద ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి, అంటించింది అంటించినట్టే. చింపలేదు, పారేయలేదు. దాన్ని పిండితే నీకు ఏ చుక్కైనా రాలుతుందేమో చూసుకో. నాకైతే తెలీదు.

ఇక ఆఖర్న రాశావే, "ఈసారి క్రిస్మస్ చీటీల్లో నా పేరు వెయ్యొద్దు నాన్నా, నా చీటీ ఎవరికొస్తే వాళ్ళ పండగ పాడవుతుంది" అని. దానికి జవాబు ఇప్పుడే చెప్పను. ముందు చీటీలు ఎలా తీశామో విను.

పోయినేడు చీటీల కోసం నా టోపీని ఎవరూ అడగలేదు. ఎలా అడుగుతారు? అంతకు ముందు ఏడు పండగ ముందురోజు సాయంత్రం, గంటలో వచ్చేస్తామని నువ్వూ మీ వదినా వ్యానులో బజారుకెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు అందరి బహుమతులూ ఒళ్ళో పెట్టుకుని ఆమె నీ పక్కన కూర్చుంది. ఆగున్న లారీని నువ్వు చూడలేదు. పొట్లాలన్నీ పోలీసులు ఆ రాత్రే సంచిలో వేసి ఇచ్చారు. మీ వదినని మర్నాడు ఇచ్చారు.

ఈసారి చిట్టెలుకే అడిగింది, "తాతయ్యా, చీటీలు తీసే పండగ ఎప్పుడు?" అని. దానికి క్రిస్మస్ అంటే అదే గుర్తుంది. సరేనని ఆదివారం పొద్దున అందర్నీ ముందుగదిలో కూర్చోబెట్టా. మీ అన్న మాత్రం మావైపు వీపు పెట్టి కుట్టుమిషను తొక్కుతూనే ఉన్నాడు. ఎప్పట్లాగే చీటీలు నేనే రాశా. ఎవరి చీటీ వస్తే వాళ్ళకి బహుమతి ఇవ్వాలి, పండగ పొద్దుటి దాకా పైకి చెప్పకూడదు, ఎవరి చీటీ వాళ్ళకే వస్తే లోపల వేసి ఇంకోటి తీసుకోవాలి. పాత రూళ్ళే.

"ఏడు చీటీలు," అన్నా.

"ఎనిమిది కదా?" అంది మీ అన్న కూతురు. దానికిప్పుడు పన్నెండేళ్ళు. ప్రతిదానికీ వాదిస్తుందని నేను లాయరమ్మ అన్నానో లేదో, ఊరంతా అదే పేరు ఖాయం చేసేశారు.

మిషను ఆగింది. ఎనిమిదోది వాళ్ళమ్మది.

"ఏడేనమ్మా," అన్నా.

చిన్నవాళ్ళతో మొదలు కదా. చిట్టెలుక తీసి, కూడబలుక్కుని చదువుకుని, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని మంచం కింద దూరింది. తర్వాత లాయరమ్మ. విప్పి చూసింది. "నాదే వచ్చింది," అని మడిచి లోపల పడేసి ఇంకోటి తీసింది. ఈసారి చాలాసేపు చూసింది. ఆ తర్వాత నన్ను చూసింది. నేను కప్పు వైపు చూశా, ఏదో పెచ్చు ఊడుతున్నట్టు.

మీ అమ్మ తీసి కొంగున ముడేసుకుంది. నీ పెళ్ళాం తీసి వంటింట్లోకి పోయింది. నేనొకటి తీశా. టోపీని మీ అన్న మిషను మీద పెట్టా. వాడు చూడకుండానే చెయ్యి పెట్టాడు. ఆ ఇరుకు టోపీలో చెయ్యి దూరడమే కష్టం, తొంగి చూడ్డం ఎక్కడిది! తీశాడు. విప్పాడు. మళ్ళీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మిషను తొక్కాడు. సూది విరిగింది.

ఆ రోజు నుంచీ ఇంట్లో అందరూ దొంగల్లా తిరుగుతున్నారు. మీ అమ్మ నన్ను చూడగానే ఏదో అల్లుతున్నది దిండు కింద దోపుతుంది. "ఏంటే, నాకు కొత్త టోపీయా?" అంటే, "మీకు మూతి మీద వేసే తొడుగు అల్లాలి," అంది. నీ పెళ్ళాం రోజూ అరగంట ఆలస్యంగా వస్తోంది, సంచి ఎవర్నీ ముట్టుకోనివ్వదు. చిట్టెలుక ఊడిన పన్నుని అగ్గిపెట్టెలో పెట్టి రంగుకాగితం చుట్టింది. ఎవరికే అంటే, "చెప్పకూడదు తాతయ్యా, రూలు!" అని ఈల వేసింది.

నాలుగు రోజుల కింద మీ అన్న కొలతల పుస్తకం తెరిచి కూర్చున్నాడు. వెళ్ళి వెనక నిలబడ్డా. నీ పేజీ. పెళ్ళికి ముందు నీకు సూటు కుట్టినప్పుడు రాసుకున్న కొలతలు.

"నాన్నా, మెడ ఇంకా పదిహేనున్నరేనా?"

"ఎవరి మెడరా?" అన్నా. నా నోరు ఊరుకోదు కదా.

నా వైపు చూశాడు.

"పద్నాలుగున్నర చెయ్యి," అన్నా. "చిక్కిపోయాడు."

కత్తెర తీసుకున్నాడు. "ఇనప గుండీలు ఒప్పుకోరంట కదా అక్కడ?"

"ఒప్పుకోరు."

"చీటీ వచ్చింది కాబట్టి కుడుతున్నా. అంతే. మొహం చూడ్డానికి నేను రాను. నువ్వే పట్టుకెళ్ళు."

సాయంత్రానికి చొక్కా అయిపోయింది. పొద్దున లేచి చూస్తే కుట్లన్నీ విప్పేశాడు, ముక్కలు ముక్కలుగా బల్ల మీద పరిచి ఉంది. భుజం సరిగా రాక విప్పాడో, కుట్టబుద్ధి కాక విప్పాడో అడిగే ధైర్యం నాకు లేదు. ఇవాళ మళ్ళీ కుడుతున్నాడు. ఇది రాస్తుంటే ఆ మిషను చప్పుడు వినిపిస్తోంది. ఆగుతోంది, మొదలవుతోంది.

నిన్న మధ్యాహ్నం నేను మెట్ల మీద ఎండలో కూర్చుని గోళ్ళు తీసుకుంటుంటే లాయరమ్మ వచ్చి పక్కన నిలబడింది. చేతిలో నా టోపీ.

"తాతయ్యా, ఒకటి అడుగుతా, నిజం చెప్పాలి."

"ఫీజు ముట్టందే లాయర్లు నోరు తెరవరే!"

"మొదటిసారి నాదే వచ్చిందన్నా కదా. అబద్ధం. బాబాయిది వచ్చింది. నాకొద్దనిపించి లోపల పడేశా. మళ్ళీ తీస్తే మళ్ళీ బాబాయిదే."

"టోపీ ఇరుకైపోయింది కదమ్మా. నువ్వు వేసింది పైనే ఉండిపోయుంటుంది."

"మళ్ళీ చేతికి తగలకూడదని నేను నాలుగు మడతలు పెట్టి వేశా. రెండోసారి వచ్చింది రెండు మడతలది."

ఎంతమంది మేస్త్రీలకి కబుర్లు చెప్పి తప్పించుకున్న నోరు ఇది! తల వంచుకుని మళ్ళీ గోళ్ళ మీద పడ్డా. అది టోపీలో చెయ్యి పెట్టి మిగిలిపోయిన ఏడో చీటీ తీసింది. నాలుగు మడతలు. దానిదే, అది వద్దనుకున్నదే.

"అన్నీ బాబాయి పేరేనా?" అంది.

తలూపా.

"నాన్నకి కూడానా?"

"ఊ."

అదిరా నేను చేసిన తుంటరి పని. నువ్వు నీ పేరు తీసేయమన్నావు. నేను నీ పేరు ఉంచి మిగతా అందరి పేర్లూ తీసేశా. ఏడు చీటీలూ నీవే. ఎవరికి వాళ్ళు తమకొక్కరికే వచ్చిందనుకుని, నీ కోసం చాటుగా ఏదో ఒకటి చేస్తున్నారు. పండగ పొద్దున ఇంట్లో ఒక్కరికీ బహుమతి ఉండదు. చిట్టెలుక ఏడవకుండా ఒక చెక్క గుర్రానికి రంగేసి దాచా. మీ అమ్మ చేతిలో నాకు దెబ్బలు ఖాయం. ఆ మధ్యాహ్నం నిన్ను కలవనిస్తారని మీ గేటు దగ్గర ఫారం కూడా నింపొచ్చా, ఆరుగురి పేర్లూ రాసి. "ఆరుగురా తాతా, పెళ్ళిచూపులకా?" అన్నాడు అక్కడి జవాను. "అవును బాబూ, పిల్లాడు నచ్చితే వెంట తీసుకుపోతాం," అన్నా. ఎంతమంది వస్తారో నాకు తెలీదు. నేనొక్కణ్ణే రావచ్చు కూడా.

ఎందుకంటే నాకొచ్చిన చీటీ కూడా నీదే కదా. నేనేమివ్వాలో రెండేళ్ళుగా తెలుసు, ఇవ్వలేకపోయా. ఆ రోజు మీ వదిన బజారుకి తయారవుతుంటే, వెనక గదిలో నీ చేతికి గ్లాసు ఇచ్చింది నేను. "వద్దు నాన్నా, బండి తియ్యాలి" అన్నావు. "వదినంటే భయమా, వాసన పట్టేస్తుందనా?" అని ఎగతాళి చేశా. నువ్వు సిగ్గుపడి తాగావు. రెండోది కూడా నవ్వుతూ నేనే పోశా. ఈ మాట నువ్వు పోలీసులకి చెప్పలేదు, కోర్టులో చెప్పలేదు, మీ అన్నకి చెప్పలేదు. విప్పని ఆ మూడు ఉత్తరాల్లో కూడా రాసుండవు, నాకు తెలుసు. నేనూ చెప్పలేదు. ఇన్నాళ్ళూ నీ వెనక దాక్కుని, పరాచికాలాడుతూ తిరిగా.

నువ్వు తాగావు, నువ్వు నడిపావు. అది నీదే, దాన్ని నేను మొయ్యలేను. పోసింది నాది. పండగ పొద్దున, చొక్కా పొట్లం కట్టేలోపు, మీ అన్నకి చెప్పేస్తా. ఆ తర్వాత వాడు నీ దగ్గరికి వస్తాడో, నన్నే బయటికి పొమ్మంటాడో వాడిష్టం.

లాయరమ్మ సంగతి ఇంకా మిగిలుంది. "నాన్నకి చెప్తావా?" అన్నా. "చెప్పకూడదు కదా, రూలు," అంది. "మరి బాబాయిని చూడ్డానికి వస్తావా?" అన్నా. నా చెవి మీదున్న పెన్సిలు లాక్కుని, ఆ ఏడో చీటీ మీద ఏదో కొట్టేసి, ఏదో రాసి, మళ్ళీ నాలుగు మడతలు పెట్టి ఇచ్చింది.

"బాబాయి కూడా ఒక చీటీ తియ్యాలి కదా. ఇది పంపు. నువ్వు మాత్రం చూడకు తాతయ్యా."

చూడననే చెప్పా. అది ఇంట్లోకి వెళ్ళగానే విప్పి చూశా. ఈ తుంటరితనం కూడా ఒప్పేసుకుంటున్నా, దానికి చెప్పొద్దు. ఉత్తరంతో పాటు అదే కవర్లో పెట్టా. నీ పేరు మీద రెండు గీతలు కొట్టి, కింద 'అమ్మ' అని రాసింది. నేను వెయ్యని ఎనిమిదో చీటీ అది.

ఎవరి చీటీ వస్తే వాళ్ళకి ఏదో ఒకటి ఇవ్వాలి. ఏమివ్వాలో నన్నడక్కురా, నాకు తెలీదు. ఇంకా తొమ్మిది రోజులుంది.

ఇట్లు,
టోపీ పట్టని తలతో,
మీ నాన్న