టైరుకు రాసిన కొబ్బరినూనె

దసరా, రాత్రి

కుడిచెయ్యి వాచింది. పెన్ను సరిగ్గా పట్టలేకపోతున్నాను.

పొద్దున షెడ్డు ముందు బండికి పూజ చేశాను. టైర్లు నల్లగా మెరవాలని పక్కలకు కొబ్బరినూనె పూశాను. ఇరవై ఏళ్లుగా మెకానిక్‌ని. వానలో మెల్లగా పొమ్మని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి.

సాయంత్రం వానలో నా భార్య సుజాతను వెనక ఎక్కించుకుని దేవరయాంజాల్ నుంచి వస్తున్నాను. కొత్త ప్లాట్ల దగ్గర మట్టి ట్రాక్టరు అడ్డం వచ్చింది. రోడ్డంతా ఎర్రటి బురద. బ్రేకు వేయగానే వెనక చక్రం జారి ఇద్దరం పడ్డాం. సుజాత తారు మీద ఈడ్చుకుపోయింది. మోచేతి దగ్గర చర్మం లేచిపోయి తెల్లగా ఎముక కనిపించింది.

ఆ తర్వాత నాకు ఒళ్లు తెలియలేదు. డ్రైవరును కాలర్ పట్టి కిందికి లాగాను. "రోడ్డంత మట్టి జేస్తవారా? సంపుత కొడుకా!" అంటూ పెదవి చిట్లేదాకా కొట్టాను. వాడు తిరిగి చెయ్యెత్తలేదు. నోట్లోంచి రక్తం కారుతుండగానే వెళ్లి నా బండిని లేపాడు. టైరును తాకిన వేళ్లు వాసన చూసుకున్నాడు.

"అన్నా, గీ టైరుకు నూనె ఉంది. గందుకే జారింది" అన్నాడు.

వెంటనే మళ్లీ కొట్టాను. వాడు బురదలో పడిపోయాడు.

ఆసుపత్రికి ఆటోలో పోతుంటే సుజాత ఒక్క మాటే అడిగింది. "నిజం జెప్పినంక గూడ ఎందుకు గొట్టినవ్?"

చెయ్యి వాచింది ఆ దెబ్బకే.